ఎస్ఈసీ ఫుట్‌బాల్ టైటిళ్ల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు డిసెంబర్ మొదటి శనివారం ఒక వింత రోజు. డౌన్‌టౌన్ వైపు వెళ్లే రోడ్లన్నీ జామ్, మార్టా రైల్లో కాలు పెట్టే చోటుండదు, ఎటు చూసినా ఎరుపు చొక్కాలే. కొత్తగా వచ్చినవాళ్లు ఏం జరుగుతోందని అడుగుతారు, పిల్లలు జార్జియా యూనివర్సిటీలోనో ఆబర్న్‌లోనో చేరాక పెద్దవాళ్లు ఇంకొంచెం వివరంగా అడుగుతారు. ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్నలకు ఒకే జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు జార్జియా అంటే ఇష్టం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, అలబామా గురించి రాసేటప్పుడు ఎక్కడైనా పళ్లు నూరిన చప్పుడు వినిపిస్తే సర్దుకుపోండి.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాలేనా?

కాదు. కోడిగుడ్డులా సాగిన బంతి, హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ ప్రొఫెషనల్ లీగ్ కాదు, యూనివర్సిటీ జట్ల ఆట. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకండి, లక్ష మందికి పైగా పట్టే స్టేడియాలు ఈ కాన్ఫరెన్స్‌లోనే చాలా ఉన్నాయి.

కాన్ఫరెన్స్ అంటే ఏంటి? లీగా, టోర్నమెంటా?

లీగ్ అనుకుంటే సరిపోతుంది. ఒక ప్రాంతంలోని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న సంఘం అది. సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు తమలో తాము ఆడుకుంటాయి, కొన్ని బయటి జట్లతో ఆడతాయి. కాన్ఫరెన్స్ టైటిల్‌కు లోపలి మ్యాచ్‌లే లెక్క. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, పొట్టిగా ఎస్ఈసీ, అమెరికా దక్షిణాది రాష్ట్రాల సంఘం. దీని టైటిల్ వేరు, దేశం మొత్తానికి ఇచ్చే జాతీయ టైటిల్ వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

ఎప్పుడు మొదలైంది, మొదటి చాంపియన్ ఎవరు?

1932 డిసెంబర్‌లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో. అప్పటికి సదరన్ కాన్ఫరెన్స్ అనే పెద్ద సంఘం ఉండేది, అందులోంచి 13 యూనివర్సిటీలు విడిపోయి వేరు కాపురం పెట్టాయి. అలబామా, ఆబర్న్, జార్జియా, ఫ్లోరిడా, టెనెసీ, ఎల్ఎస్‌యూ (లూజియానా స్టేట్ యూనివర్సిటీ), ఓల్ మిస్ (మిసిసిపి యూనివర్సిటీ ముద్దుపేరు), మిసిసిపి స్టేట్, కెంటకీ, వాండర్‌బిల్ట్ ఇప్పటికీ ఉన్నాయి. జార్జియా టెక్, ట్యులేన్, స్యువానీ తర్వాత బయటికి వెళ్లిపోయాయి. మొదటి సీజన్ 1933, ఆ టైటిల్ అలబామాది. అంటే మొదటి రోజు నుంచే మొదలుపెట్టారన్నమాట.

స్యువానీ గురించి ఒక్క మాట. చిన్న కాలేజీ, పాపం 1940లో వెళ్లిపోయేదాకా ఎస్ఈసీలో 37 మ్యాచ్‌లు ఆడి ముప్పై ఏడూ ఓడిపోయింది. ఆ రికార్డును ఇక ఎవరూ కదిలించలేరు.

ఫైనల్ మ్యాచ్ ఎప్పటినుంచో ఉందా?

లేదు, 1992 నుంచే. అంతకు ముందు 59 సీజన్ల పాటు ఫైనల్ అనేదే లేదు.

మరి చాంపియన్‌ని ఎలా తేల్చేవారు?

పాయింట్ల పట్టిక చూసి. చెప్పడానికి సులువుగా ఉంది గానీ, అసలు తలనొప్పంతా అక్కడే ఉంది, ఎందుకంటే అందరూ అందరితో ఆడేవాళ్లు కాదు. కొంతకాలం ఎన్ని కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడాలన్నది కూడా జట్టుకో రకంగా ఉండేది. ఒకరు గట్టి జట్లతో ఆడి ఒకటి ఓడితే, ఇంకొకరు మెతక జట్లతో ఆడి అన్నీ గెలిస్తే టైటిల్ రెండో వాళ్లదే. ఎవరు ఎవరితో ఆడాలన్నదేమో ఎప్పుడో ఏళ్ల కిందట కుదుర్చుకున్న ఒప్పందం.

1966 చూడండి. అలబామా కాన్ఫరెన్స్‌లో ఆరుకి ఆరు గెలిచింది. జార్జియా కూడా ఆరుకి ఆరు. ఇద్దరూ ఆ ఏడాది ఒకరితో ఒకరు ఆడనే లేదు. ఏం చేస్తారు? ఇద్దరికీ ఇచ్చేశారు. 1981లో అచ్చం ఇదే కథ, ఇవే రెండు జట్లు, మళ్లీ ఆరు, ఆరు.

ఆడినా తేలేది కాదు, అది ఇంకో విడ్డూరం. 1988లో ఎల్ఎస్‌యూ తన సొంత ఊరు బేటన్ రూజ్‌లో ఆబర్న్‌ని 7-6తో ఓడించింది. చివర్లో పడిన టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి జట్టు గీత దాటించి కొట్టే స్కోరుకి) జనం వేసిన కేకలు, గెంతులు యూనివర్సిటీలోని భూకంపాలు కొలిచే యంత్రం మీద కూడా నమోదయ్యాయి, అందుకే దాన్ని ఇప్పటికీ భూకంపం మ్యాచ్ అంటారు. సీజన్ అయ్యేసరికి ఇద్దరూ చెరొకటి ఓడి సమానంగా నిలిచారు, టైటిల్ ఇద్దరికీ పంచారు. భూమి కంపించేలా గెలిచినవాళ్లూ చాంపియనే, ఓడినవాళ్లూ చాంపియనే.

నాకు బాగా నచ్చేది మాత్రం 1989. టెనెసీ ఆబర్న్‌ని ఓడించింది, అలబామా టెనెసీని ఓడించింది, చివరికి డిసెంబర్ 2న ఆబర్న్ తన సొంత మైదానంలో, ఆ మైదానానికి మొట్టమొదటిసారి వచ్చిన అలబామాని 30-20తో ఓడించింది. ముగ్గురూ ఆరు గెలిచి ఒకటి ఓడారు. గొలుసు ఎక్కడ తెంపుతారు? ముగ్గురికీ ఇచ్చారు. యాభై ఏళ్ల ముందు 1939లో కూడా జార్జియా టెక్, టెనెసీ, ట్యులేన్ ముగ్గురూ పంచుకున్నారు, ఆ ఏడాది టెనెసీ మామూలు సీజన్‌లో ఒక్క జట్టుకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు, అయినా వాటా మూడోవంతే.

అందుకే ఎవరైనా మాకిన్ని టైటిళ్లు అని చెప్తే నేను వెంటనే ఒక ప్రశ్న వేస్తాను: ఏ రూల్ కింద గెలిచారు? ఇదేదో అలబామా మీద కోపంతో అనేది కాదు. జార్జియాకి కూడా అదే వర్తిస్తుంది.

సరే, ఎవరికి ఎన్ని?

2025 సీజన్ అయ్యేదాకా లెక్క, పంచుకున్నవి కూడా కలిపి: అలబామా 30, జార్జియా 16, టెనెసీ 13, ఎల్ఎస్‌యూ 12, ఫ్లోరిడా 8, ఆబర్న్ 8, ఓల్ మిస్ 6, ఎప్పుడో వెళ్లిపోయిన జార్జియా టెక్ 5, అలాగే వెళ్లిపోయిన ట్యులేన్ 3, కెంటకీ 2, మిసిసిపి స్టేట్ 1.

ఇందులో కెంటకీ రెండో టైటిల్ గమ్మత్తైనది. 1976లో మిసిసిపి స్టేట్ అనర్హుడైన ఆటగాణ్ని ఆడించిందని తర్వాత తేలి దాని విజయాలు రద్దయ్యాయి, ఆ లెక్కతో కెంటకీ జార్జియా పక్కకి వచ్చి చేరింది. మిసిసిపి స్టేట్ ఏకైక టైటిల్ 1941ది. ఓల్ మిస్ ఆరూ జానీ వాట్ అనే ఒక్క కోచ్ కాలంలోనివే, చివరిది 1963. టెనెసీ వాళ్లు కూడా 1998 తర్వాత మళ్లీ గెలవలేదు, వాళ్ల ముందు ఈ ప్రస్తావన తేకండి.

ఒక్కటీ లేనివాళ్లు?

మొదటి రోజు నుంచి ఉండి ఒక్కటి కూడా లేనిది వాండర్‌బిల్ట్. 1992లో ఆడటం మొదలుపెట్టిన ఆర్కాన్సా, సౌత్ కరోలినా, 2012లో చేరిన మిజోరి, టెక్సస్ ఏ అండ్ ఎం, 2024లో చేరిన టెక్సస్, ఒక్లహోమా, వీళ్లెవరికీ ఇంకా లేదు. ఆర్కాన్సా మూడుసార్లు ఫైనల్ దాకా వచ్చింది, మూడూ పోయాయి. డాలస్‌లో ఉండే మన వాళ్లు టెక్సస్ గురించి ఎంత గొప్పగా చెప్పినా సరే, ఈ కాన్ఫరెన్స్‌లో వాళ్లింకా కొత్త కోడళ్లే.

బ్రయంట్ గొప్పా, సేబన్ గొప్పా?

ఈ ప్రశ్న మీద అలబామాలో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. బేర్ బ్రయంట్ అలబామాకి 1958 నుంచి 1982 దాకా కోచ్, అక్కడ 13 టైటిళ్లు, అందులో 1971 నుంచి 1975 దాకా వరుసగా అయిదు. అంతకు ముందు 1950లో కెంటకీకి కూడా ఒకటి గెలిపించాడు. మొత్తం 14. నిక్ సేబన్ ఎల్ఎస్‌యూకి 2001, 2003లో రెండు, అలబామాకి 2009 నుంచి 2023 మధ్య తొమ్మిది, మొత్తం 11.

అంకె చూస్తే బ్రయంట్. కానీ సేబన్ పదకొండూ ఫైనల్ ఆడి గెలిచినవి. సీజనంతా గెలిచాక, అవతలి వైపు నుంచి వచ్చిన మంచి జట్టుని ఒక్క సాయంత్రం మళ్లీ ఓడించాలి, ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి జట్టుని నడిపించే ఆటగాడు) మడమ బెణికినా అంతే సంగతులు. బ్రయంట్‌కి ఆ పరీక్ష లేదు. పెట్టి ఉంటే నెగ్గేవాడే కావచ్చు, అది వేరే సంగతి. నా ఓటు సేబన్‌కి, జార్జియా అభిమానిగా ఈ వాక్యం రాయడం ఎంత కష్టమో మీకు తెలీదు.

పాత టైటిళ్ల గురించి ఇంకేమైనా తెలుసుకోవాలా?

తప్పకుండా, చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. 1966 దాకా వచ్చిన టైటిళ్లన్నీ తెల్లవాళ్లు మాత్రమే ఆడిన ఆటలో వచ్చినవి. ఎస్ఈసీ మ్యాచ్‌లో మొట్టమొదట ఆడిన నల్లజాతి ఆటగాడు కెంటకీకి చెందిన నేట్ నార్తింగ్టన్, 1967 సెప్టెంబర్ 30న, ఓల్ మిస్ మీద. అలబామా జట్టులో 1971 దాకా ఎవరూ లేరు, అప్పుడు విల్బర్ జాక్సన్, జాన్ మిచెల్ ఆడారు. జార్జియా, ఎల్ఎస్‌యూ, ఓల్ మిస్ అయితే 1972 దాకా ఆగాయి. అవును, మా జార్జియా కూడా.

1962 ఓల్ మిస్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచింది. అదే ఏడాది అదే యూనివర్సిటీలో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి చేరడానికి వస్తే క్యాంపస్‌లో అల్లర్లు చెలరేగి ఇద్దరు చనిపోయారు, కేంద్ర బలగాలు దిగాల్సి వచ్చింది. ఆటగాళ్లు బాగా ఆడలేదని అనడం లేదు. కానీ ఆ రాష్ట్రాల్లోని మంచి ఆటగాళ్లలో ఎంతోమందికి మైదానంలోకి అడుగే పెట్టనివ్వని కాలంలో గెలిచినవి, 1980లో హెర్షెల్ వాకర్ లాంటి నల్లజాతి ఆటగాడు జార్జియాకి ఆడిన కాలంలో గెలిచినవి, రెండూ పట్టికలో ఒకే అంకెగా కనిపిస్తాయి.

ఫైనల్ పెట్టాలన్న ఆలోచన ఎవరిది?

అప్పటి కమిషనర్ రాయ్ క్రేమర్‌ది. కాలేజీ ఆటల రూల్ పుస్తకంలో ఒక చిన్న సందు ఉండేది, అది పెద్ద కాన్ఫరెన్సుల కోసం పెట్టింది కాదు, 1987లో పెన్సిల్వేనియాలోని రెండో డివిజన్ కాలేజీల కోసం తెచ్చింది. పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ జట్లుండి, రెండు భాగాలుగా విడిపోతే, మామూలు సీజన్ అయ్యాక ఒక మ్యాచ్ అదనంగా పెట్టుకోవచ్చు. ఎస్ఈసీలో అప్పటికి పది జట్లే. ఆర్కాన్సా, సౌత్ కరోలినా కలిశాక పన్నెండయ్యాయి. ఈస్ట్, వెస్ట్ అని రెండు డివిజన్లు చేసి, వాటి విజేతల మధ్య ఫైనల్ అన్నారు.

కోచ్‌లకు ఇది అస్సలు నచ్చలేదు. జాతీయ టైటిల్‌కి దగ్గరగా ఉన్న జట్టుని ఇంకో గట్టి మ్యాచ్‌లోకి తోయడం ఏంటి, చేతిలో ఉన్నది జారిపోతే ఎవరు బాధ్యులు అన్నది వాళ్ల బాధ.

మొదటి ఏడాదే ఆ భయం నిజమయ్యేలా కనిపించింది. 1992 డిసెంబర్ 5, బర్మింగ్‌హామ్‌లోని లీజియన్ ఫీల్డ్. అలబామా అప్పటిదాకా ఒక్కటీ ఓడలేదు, ఎదురుగా స్టీవ్ స్పరియర్ కోచ్‌గా ఉన్న ఫ్లోరిడా. నాలుగో క్వార్టర్‌లో 21-21, ఇంకా మూడు నిమిషాలు చిల్లర ఉంది, బంతి ఫ్లోరిడా దగ్గరుంది. షేన్ మాథ్యూస్ వేసిన పాస్‌ని అలబామా ఆటగాడు ఆంటోనియో లాంగమ్ మధ్యలో పట్టేసి నేరుగా ఎండ్‌జోన్‌లోకి, అంటే టచ్‌డౌన్ గీత అవతలికి పరిగెత్తాడు. 28-21. తర్వాత షుగర్ బౌల్ అనే సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లో మయామిని 34-13తో ఓడించి అలబామా జాతీయ చాంపియన్ కూడా అయింది. లాంగమ్ ఆ బంతి పట్టకపోయి ఫ్లోరిడా గెలిచి ఉంటే, ఫైనల్ ఆలోచన అక్కడితో అటకెక్కేదని నా అనుమానం. దాని బదులు మిగతా కాన్ఫరెన్సులన్నీ ఒక్కొక్కటిగా ఇదే దారి పట్టాయి.

అట్లాంటాకి ఎందుకు వచ్చింది?

బర్మింగ్‌హామ్‌లో రెండేళ్లే జరిగింది. డిసెంబర్ చలి, వాన, పైగా అలబామాకి అది సొంత ఇల్లు లాంటిది. 1994లో పైకప్పు ఉన్న జార్జియా డోమ్‌కి మార్చారు, 2017 నుంచి దాని పక్కనే కట్టిన మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో. ఆ పాత డోమ్‌ని 2017 నవంబర్‌లో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ఇప్పుడు జార్జియాకి ఇది సొంత ఊరు కదా అని ఎవరైనా అంటే, నిజమే, కాదనను. కానీ ఆ సొంత ఊళ్లోనే అలబామా చేతిలో నాలుగు ఫైనల్స్ ఓడాం. సొంత ఊరు ఏం ఒరగబెట్టింది?

ఫ్లోరిడా మొదటి టైటిల్ 1984దా, 1991దా?

అధికారికంగా 1991. ఫ్లోరిడా యూనివర్సిటీ ఉన్న గేన్స్‌విల్‌లో పెద్దాయనల్ని అడిగితే మాత్రం వేరేలా చెప్తారు. 1984లో ఫ్లోరిడా కాన్ఫరెన్స్‌లో ఓటమి లేకుండా మొదటి స్థానంలో నిలిచింది, యాభై ఏళ్ల నిరీక్షణ తీరిందని పండగ చేసుకున్నారు. కానీ నిబంధనల ఉల్లంఘన కేసులో సీజన్ మధ్యలోనే కోచ్ చార్లీ పెల్ ఉద్యోగం పోయింది, 1985లో కాన్ఫరెన్స్ ఆ టైటిల్‌ని వెనక్కి తీసేసుకుంది. రెండో స్థానం వాళ్లకి కూడా ఇవ్వలేదు, ఆ ఏడాది ఖాళీ. 1985లో టెనెసీతో సమానంగా, మళ్లీ 1990లో ఒంటరిగా ఫ్లోరిడాదే మంచి రికార్డు, రెండుసార్లూ నిషేధం వల్ల లెక్కలోకి రాలేదు. చివరికి 1991లో వచ్చింది. ఆ ఆకలంతా తీర్చుకున్నట్టు 1993 నుంచి 1996 దాకా వరుసగా నాలుగు ఫైనల్స్ గెలిచారు, 1994ది అలబామా మీద 24-23, ఒక్క పాయింటు.

అర్హత ఉండీ ఫైనల్ ఆడనివాళ్లు ఇంకా ఉన్నారా?

ఉన్నారు. 1993లో ఆబర్న్ పదకొండుకి పదకొండు గెలిచింది, శిక్ష కాలంలో ఉంది కాబట్టి ఫైనల్‌కి వెళ్లలేకపోయింది, దాని చేతిలో ఓడిన అలబామా వెళ్లింది. కొసమెరుపు ఏంటంటే, ఆ అలబామా కూడా తర్వాత ఒక ఆటగాడి అర్హత గొడవలో ఆ ఏడాది విజయాల్లో చాలావరకు వదులుకోవాల్సి వచ్చింది. ఆ ఆటగాడు ఎవరో కాదు, అంతకు ముందు ఏడాది హీరో లాంగమే. 2002లో అలబామా నిషేధంలో ఉంటే వెస్ట్ నుంచి ఆర్కాన్సా వచ్చి జార్జియా చేతిలో 30-3తో ఓడింది.

అన్నిటికంటే మంచి ఫైనల్ ఏది?

ఒక్కటి చెప్పమంటే 2018. కానీ దాని ముందు 2012 గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

2012: అలబామా 32, జార్జియా 28. ఆఖరి నిమిషంలో బంతి మా దగ్గర, టైమౌట్లు లేవు, మా క్వార్టర్‌బ్యాక్ ఆరన్ మరే పాస్ మీద పాస్ వేసుకుంటూ ఎండ్‌జోన్‌కి ఎనిమిది గజాల దూరం దాకా తెచ్చాడు. బంతిని నేలకి కొట్టి గడియారం ఆపుతారనుకున్నాం. ఆపలేదు, పాస్ వేశాడు, అది అలబామా ఆటగాడి చేతికి తగిలి గతి తప్పి మా క్రిస్ కాన్లీ చేతుల్లో పడింది, గీతకి అయిదు గజాల దూరంలో. పట్టకుండా వదిలేసి ఉంటే గడియారం ఆగేది, ఇంకో అవకాశం దొరికేది. చేతిలోకి వచ్చిన బంతిని వదిలేయాలని ఎవరికి తడుతుంది? టైమ్ అయిపోయింది. అలబామా వెళ్లి నోటర్ డామ్‌ని 42-14తో చిత్తు చేసి జాతీయ చాంపియన్ అయింది. ఆ అయిదు గజాలు మావైతే ఆ మ్యాచ్ మేం ఆడేవాళ్లం.

ఇక 2018. దీనికి పూర్వకథ ఉంది. ఆ ఏడాది జనవరిలో అదే అట్లాంటా స్టేడియంలో, అదే జార్జియా మీద, జాతీయ ఫైనల్ మధ్యలో అలబామా కోచ్ తన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి టువా టాగోవాయిలోవా అనే కుర్రాణ్ని దింపాడు, వాడు గెలిపించాడు. హర్ట్స్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతాడని అందరూ అనుకున్నారు, వెళ్లలేదు, ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్నాడు. డిసెంబర్ వచ్చింది, మళ్లీ అదే స్టేడియం, మళ్లీ జార్జియా, మేం ఒక దశలో 28-14తో ముందున్నాం. నాలుగో క్వార్టర్‌లో టువాకి గాయం. హర్ట్స్ లేచి వచ్చాడు. ఒక టచ్‌డౌన్ పాస్ వేసి సమం చేశాడు, ఆఖరి నిమిషంలో తనే పరిగెత్తి ఇంకొకటి కొట్టాడు, 35-28. మధ్యలో మేం పంట్ కొడతామని (బంతిని దూరంగా తన్ని వాళ్లకి అప్పగిస్తామని) నమ్మించి చేసిన ఒక పిచ్చి ప్రయోగం బెడిసికొట్టింది, దాని గురించి మాట్లాడుకోవద్దు. నా ముందు వరుసలోని ఒక పెద్దావిడ, నిలువెల్లా జార్జియా ఎరుపే, హర్ట్స్ గీత దాటగానే లేచి చప్పట్లు కొట్టడం నా కళ్లతో చూశాను.

పెద్ద సంచలనం కావాలంటే 2001 చూడండి. టెనెసీ గెలిస్తే జాతీయ ఫైనల్‌కే, అంతా ఖాయమనుకున్నారు. ఎల్ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలితే మ్యాట్ మాక్ అనే రెండోవాడు వచ్చి కాళ్లతోనే పని కానిచ్చాడు, 31-20.

కాన్ఫరెన్స్ గెలవకుండానే జాతీయ చాంపియన్ అవ్వొచ్చా?

అవ్వొచ్చు, అయ్యారు కూడా. 2011లో ఎల్ఎస్‌యూ అలబామాని వాళ్ల ఊళ్లోనే 9-6తో ఓడించి, అట్లాంటాలో జార్జియాని 42-10తో ఓడించి ఎస్ఈసీ గెలిచింది. జాతీయ ఫైనల్‌కి ఎదురుగా ఎవరొచ్చారు? మళ్లీ అలబామానే. ఈసారి 21-0, కప్పు వాళ్లకి. 2017లో అలబామా అసలు ఎస్ఈసీ ఫైనల్ ఆడకుండానే జాతీయ టైటిల్ కొట్టింది. 2021లో మేం: డిసెంబర్‌లో అలబామా చేతిలో 41-24తో ఓడి, జనవరి 10న ఇండియానాపొలిస్‌లో వాళ్లనే 33-18తో ఓడించాం. 1980 తర్వాత మొదటి జాతీయ టైటిల్ అది, మా వీధిలో అర్ధరాత్రి టపాకాయలు కాల్చారు, మాకు దీపావళి గుర్తొచ్చింది.

దీనికి తిరగబడ్డ కేసు 2004 ఆబర్న్. పదమూడుకి పదమూడు గెలిచింది, ఎస్ఈసీ గెలిచింది, అయినా జాతీయ ఫైనల్‌కి పిలుపు రాలేదు, ఓటమి లేని జట్లు ఇంకో రెండున్నాయని వాటిని ఆడించారు. ప్లేఆఫ్, అంటే పై జట్లని నాకౌట్ పద్ధతిలో ఆడించి జాతీయ చాంపియన్‌ని తేల్చడం, పెట్టాలన్న గొంతులు ఈ అన్యాయం తర్వాత బాగా పెరిగాయి.

డివిజన్లు ఇప్పుడు లేవా?

2023తో పోయాయి. 2024లో టెక్సస్, ఒక్లహోమా వచ్చి 16 జట్లయ్యాక ఈస్ట్, వెస్ట్ తీసేసి పట్టికలో మొదటి రెండు జట్లకి ఫైనల్ అన్నారు. డివిజన్ల గొడవ ఏంటంటే, కొన్నేళ్లు మంచి జట్లన్నీ వెస్ట్‌లోనే ఉండి ఒకరినొకరు తినేసుకునేవి, ఈస్ట్ నుంచి కాస్త మెతక జట్టు సులువుగా వచ్చేసేది.

కొత్త పద్ధతి పాత తలనొప్పిని తిరిగి తెచ్చింది. పదహారు జట్లు, ఒక్కొక్కరికి ఎనిమిది మ్యాచ్‌లు, అంటే సగం మందితో ఆడరు. 2025లో జార్జియా, అలబామా, ఓల్ మిస్, టెక్సస్ ఏ అండ్ ఎం నలుగురూ ఏడు గెలిచి ఒకటి ఓడారు. చివరికి ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ గెలిచారన్న లెక్క తీసి జార్జియా, అలబామాలని పంపారు. మన క్రికెట్‌లో నెట్ రన్ రేట్ తీసి సెమీస్‌కి పంపినట్టే, కాకపోతే ఇక్కడ మీ చేతిలో ఏమీ లేదు, మీ ప్రత్యర్థులు వేరేవాళ్లతో ఎలా ఆడారన్న దాని మీద మీ తలరాత. 1966కీ దీనికీ తేడా ఏంటో నాకైతే పెద్దగా కనిపించలేదు. 2026 నుంచి తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడాలని నిర్ణయించారు, కొంచెం మెరుగు.

ఇప్పుడీ ఫైనల్‌కి విలువ ఉందా?

2023లో బాగా ఉంది. వరుసగా 29 మ్యాచ్‌లు గెలిచిన మమ్మల్ని అలబామా 27-24తో ఓడించింది, ఆ ఒక్క ఓటమితో మేం నాలుగు జట్ల ప్లేఆఫ్ బయట పడ్డాం, ఒక్కటీ ఓడని ఫ్లోరిడా స్టేట్‌ని కూడా పక్కనపెట్టి అలబామాని తీసుకున్నారు.

2024 నుంచి ప్లేఆఫ్‌లో పన్నెండు జట్లు. ఆ ఏడాది ఫైనల్లో మేం టెక్సస్‌ని ఓవర్‌టైమ్‌లో 22-19తో ఓడించాం, ఈ ఫైనల్ చరిత్రలో ఓవర్‌టైమ్ అదే మొదటిసారి. మా క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ చెయ్యి ఆ మ్యాచ్‌లోనే దెబ్బతింది. టెక్సస్ ఓడి కూడా ప్లేఆఫ్‌కి వెళ్లి సెమీస్ దాకా ఆడింది, గెలిచిన మేం మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే నోటర్ డామ్ చేతిలో ఇంటికొచ్చాం. 2025లో అలబామాని 28-7తో ఓడించాం, వాళ్ల మీద ఫైనల్లో మాకిది మొదటి గెలుపు, నేను గొంతు పోయేలా అరిచాను. ఓడిన అలబామాకి ప్లేఆఫ్ చోటు ఎలాగూ దక్కింది. మేం మళ్లీ మొదటి మ్యాచ్‌లోనే ఓడాం, అదీ ఓల్ మిస్ చేతిలో, ఎస్ఈసీ ఫైనల్‌కి రాకుండా ఇంట్లో విశ్రాంతి తీసుకున్న జట్టు చేతిలో.

అంటే 1992లో కోచ్‌లు భయపడిందే ముప్పై ఏళ్ల తర్వాత వేరే దారిలో వచ్చింది. ఫైనల్ ఆడితే గాయాలు, ఆడకపోతే విశ్రాంతి. దీన్ని ఎత్తేయాలనే మాట అప్పుడప్పుడు వినిపిస్తోంది. ఎత్తేస్తే మళ్లీ పట్టిక చూసి టైటిల్ ఇవ్వాలి, మళ్లీ ముగ్గురు నలుగురు పంచుకోవాలి. నాకది ఇష్టం లేదు. అలబామాని ఓడించడానికి నాలుగుసార్లు దెబ్బతిని అయిదోసారి గెలిచినవాణ్ని, ఆ మ్యాచ్‌కి విలువ లేదని నాతో అనిపించలేరు.

చూడాలంటే ఎప్పుడు, ఎలా?

మామూలుగా డిసెంబర్ మొదటి శనివారం. 2020లో మాత్రం కోవిడ్ వల్ల డిసెంబర్ 19కి పోయింది. ఈ మధ్య ఇక్కడి టైమ్ సాయంత్రం నాలుగింటికి మొదలవుతోంది, హైదరాబాద్‌లో అయితే ఆదివారం తెల్లవారుజామున రెండున్నర. స్టేడియంకి వస్తే కారు వద్దు, మార్టా ఎక్కండి. లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగ్ మాత్రమే రానిస్తారు, మామూలు హ్యాండ్‌బ్యాగ్ తెస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. రెండు జట్లూ ఏవో తేలకముందే టికెట్ కొనాలా, తేలాక కొనాలా అన్నది మీ గుండె ధైర్యం, కానీ జార్జియా వచ్చిందని తెలిసిన సాయంత్రం ధరలు చూడకండి.